ఇంట్లో సీనియర్ ఇంటర్ ఉంటే

మా పెద్దవాడు ఎంపీసీ, అమ్మాయి బైపీసీ. ఇద్దరూ తెనాలిలోనే చదివారు. రేపల్లెలో ఉండే మా ఆడపడుచు కూతురు రోజూ రైల్లో వచ్చి ఇక్కడే చదువుకుంది, పరీక్షల ముందు రెండు నెలలూ మా ఇంట్లోనే ఉంది. బాపట్లలో మా చెల్లెలి కొడుకు సంగతులు ఫోన్లో రోజూ వినేదాన్ని. అలా నలుగురు పిల్లల సీనియర్ ఇంటర్లు దగ్గరగా చూశాను. ఆ ఏడాది వాళ్ల నెత్తిన మూడు పనులు పడతాయి. మార్చిలో బోర్డు పరీక్షలు. మే నెలాఖరులోపు ఎంట్రన్సులు. ఆగస్టుకల్లా ఇల్లు వదిలి కొత్త ఊళ్లో తన బట్టలు తను ఉతుక్కుని, తన డబ్బు తనే లెక్క చూసుకుని, ఒంట్లో బాగోకపోతే తనే మందుల షాపుకు వెళ్లి నెగ్గుకురావడం. మొదటి రెండింటికీ లెక్చరర్లున్నారు. మూడోదానికి మనమే దిక్కు. ర్యాంకు వచ్చాక చూద్దాంలే అని దాన్నే మనం వదిలేస్తాం. మూడూ ఒకే ఇంట్లో, ఒకే ఏడాదిలో ఇమిడేలా మేం చేసుకున్న ఏర్పాట్లు ఇవి.

1. కిరాణా కొట్టువాళ్లు ఇచ్చే పెద్ద అంకెల క్యాలెండర్ ఒకటి వంటింటి గుమ్మం పక్కన తగిలించండి. పరీక్షలు ఎర్ర పెన్నుతో రాయండి: జనవరిలో, ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చిలోకి ఇంటర్ బోర్డు పరీక్షలు (ఐపీఈ), మే మొదట్లో నీట్, ఆ తరవాత ఈఏపీసెట్. అప్లికేషన్ల గడువులు నీలం పెన్నుతో. జనవరి జేఈఈకి దరఖాస్తులు నవంబరులోనే ముగిసిపోతున్నాయి, దసరా సెలవులు కాగానే ఆ పని చూసుకోవాలి. ఇక ఇంటి పనులు ఆకుపచ్చ పెన్నుతో: పెళ్లిళ్లు, వరి కోతలు, తాతయ్య కంటి ఆపరేషన్. మూడు రంగులూ ఒకే వారంలో పడుతున్నాయంటే ఆకుపచ్చదాన్ని జరపండి. మిగతా రెండూ మన చేతిలో లేవు.

2. జూన్‌లోనే టెన్త్ మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. మనకు చిక్కంతా ఇంటిపేరుతోనే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. ఒకదాంట్లో ముందుంటే ఇంకోదాంట్లో వెనక. మా ఆడపడుచు కూతురి పేరులో లక్ష్మికి ఒకచోట చివర ఇంగ్లిష్ ‘ఐ’, ఇంకోచోట రెండు ‘ఈ’లు. నవంబరులో ఆన్‌లైన్ ఫారం ముందు కూర్చున్నాక గానీ చూసుకోలేదు. అప్పుడిక ఆధార్ కేంద్రం చుట్టూ తిరగడానికి పిల్ల రెండు రోజులు క్లాసులు మానుకుంది. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా సరిచూడండి. ఇంకో మాట. నెట్ సెంటర్లో ఫారం నింపించినా ఫోన్ నంబరు, మెయిల్ మాత్రం మీ ఇంటివే ఇవ్వండి. కౌన్సెలింగ్ దాకా ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి.

3. సర్టిఫికెట్లకు ఒక గట్టి ఫైలు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టెన్త్ మెమో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, ఒక్కోటీ మూడేసి జిరాక్స్ కాపీలు, పది పాస్‌పోర్టు ఫొటోలు. పిల్లవాడు మధ్యలో స్కూలు మారి ఉంటే ఆ స్కూలుకు వేసవి సెలవులకు ముందే వెళ్లండి, మేలో వెళ్తే తాళం కనిపిస్తుంది. బీసీ పిల్లలకు రాష్ట్రం ఇచ్చే కుల ధ్రువపత్రం ఈఏపీసెట్‌కు సరిపోతుంది. జేఈఈ, నీట్ కేంద్రం పెట్టే పరీక్షలు, వాటికి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో విడిగా తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ అయితే ఏ ఏటికి ఆ ఏడు కొత్తది. వీటికోసం సచివాలయానికి తిరిగే పని పిల్లలకు పెట్టొద్దు, నాన్న చూసుకోవాల్సిన పని ఇది.

4. ఇంటర్ మార్కులదేముంది, పాసైతే చాలు, ఎంట్రన్సే ముఖ్యం అని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ ఒక్క మాట వల్ల నష్టపోయిన పిల్లల్ని చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కుల్ని 25 శాతం కలుపుతారు. కరోనా రోజుల్లో ఆపేసి, 2023 నుంచి మళ్లీ పెట్టారు. లెక్క వేసి చూడండి. ఇద్దరు పిల్లలకు ఈఏపీసెట్‌లో 160కి 120 వచ్చాయనుకోండి. డెబ్బై ఐదుకు లెక్కేస్తే ఇద్దరికీ 56.25. ఒకరికి ఇంటర్ గ్రూపులో 95 శాతం ఉంటే దానికి 23.75 కలిసి సరిగ్గా 80 అవుతుంది. రెండోవాళ్లకు 80 శాతమే ఉంటే 20 కలిసి 76.25 దగ్గర ఆగిపోతుంది. తేడా 3.75. దాన్ని పూడ్చాలంటే ఎంట్రన్సులో ఇంకో ఎనిమిది బిట్లు కొట్టాలి. ఆ మార్కుల దగ్గర ఎనిమిది బిట్లంటే ర్యాంకు ఎన్ని వేలు వెనక్కి పోతుందో కౌన్సెలింగ్‌కు వెళ్లిన ప్రతి ఇంటికీ తెలుసు. అసలు లెక్కలో నార్మలైజ్ చేసిన మార్కులు తీసుకుంటారు గానీ, పద్ధతి ఇదే. ఎన్‌ఐటీ, ఐఐటీ సీటు కావాలన్నా ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదంటే బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోకి రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 65 శాతం. అందుకే మా ఇంట్లో జనవరి జేఈఈ అయిపోగానే, ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చిలో ఆఖరి పరీక్ష దాకా ఐపీఈ తప్ప ఇంకో పుస్తకం తెరవనివ్వలేదు. పెద్దప్రశ్నలు చూడకుండా కాగితం మీద రాయడం, రికార్డులు పూర్తి చేసి సంతకాలు పెట్టించుకోవడం, అంతే. బిట్లు ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

5. ఈఏపీసెట్‌లో తప్పుకు మార్కు పోదు. 160 బిట్లకు మూడు గంటలు, ఆఖరి పది నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి గుర్తించి రావాలి. జేఈఈ మెయిన్, నీట్ అలా కావు, తప్పు రాస్తే ఒక మార్కు కోస్తారు. వారం తేడాలో రెండు రకాలూ రాసే పిల్లలు ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుంటారు. బయల్దేరేముందు గుమ్మంలో ఒక్కసారి అడగండి: ‘‘ఇవాళ తప్పుకు కోత ఉందా, లేదా?’’

6. అన్న పుస్తకాలు తమ్ముడికి ఇచ్చే అలవాటు ఈ రెండేళ్లూ పక్కన పెట్టండి. 2025-26లో జూనియర్ ఇంటర్‌కు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. ప్రశ్నపత్రం పద్ధతీ మారుతోంది. పాత మోడల్ పేపర్లు కొనేముందు కాలేజీలో ఒకమాట అడగండి.

7. రేపల్లె రైల్లో చదువుకునే పిల్లలకు: మా ఆడపడుచు కూతురు పోస్టుకార్డు సైజులో అట్టముక్కలు కత్తిరించుకుని వాటి మీద చిన్న అక్షరాలతో రాసుకునేది. ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు. రేపల్లెలో ఎక్కాక భట్టిప్రోలు దాటేదాకా ఫిజిక్స్ సూత్రాలు. భట్టిప్రోలు నుంచి వేమూరు దాకా బోటనీ. వేమూరు దాటాక అన్నీ లోపల పెట్టేసి కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చోవాలి. ఆ ఆఖరి ముక్క నేనే కచ్చితంగా పెట్టించాను. తెనాలిలో దిగేసరికే తల వేడెక్కిపోతే ఇంక క్లాసులో ఏం వింటుంది? తిరుగు ప్రయాణంలో పుస్తకం ముట్టుకోకూడదు, స్నేహితురాళ్లతో కబుర్లే. ఫోన్‌లో నోట్సు చదవడం కంటే అట్టముక్కలే మేలు. రైలు కుదుపులకు కళ్లు నొప్పి పుట్టవు, మధ్యలో మెసేజీలూ రావు.

8. పొద్దున్నే టిఫిన్ తినకుండా గడప దాటనివ్వొద్దు. ఇడ్లీ, పెసరట్టు, రాగి జావ, చద్దన్నంలో పెరుగు, ఏదైనా సరే. మధ్యాహ్నం డబ్బాలో అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి, తిన్నాక క్లాసులో కునుకు రాదు. సాయంత్రం స్టడీ అవర్లకు ముందు వేరుశనగ ఉండ, అరటిపండు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. అక్కడ చదివే పిల్లలకు ఇంటి నుంచి చిన్న డబ్బాలో మజ్జిగో, పచ్చడో ఇచ్చి పంపితే చాలు. పరీక్ష రోజు మాత్రం కొత్త వంటలు, బయటి తిండి వద్దు. బిడ్డ మంచిమార్కులు తెచ్చుకోవాలని పొద్దున్నే జిలేబీ తెచ్చి తినిపించిన పెదనాన్నను మా వీధిలో చూశాను. ప్రేమతోనే తెచ్చారు. పదకొండు గంటలకు ఆ పిల్ల పరీక్ష హాల్లో కడుపు పట్టుకుని కూర్చుంది.

9. నిద్ర ఏడు గంటలు. ఇక్కడ బేరాల్లేవు. రాత్రి పదకొండుకల్లా లైటు తీసేయాలి, ఫోను అమ్మ మంచం పక్కన చార్జింగ్‌లో ఉండాలి. లేపడానికి పాత గంట గడియారం కొనిపెట్టండి. నీట్ మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది, మన ఇళ్లలో ఎండాకాలం అందరూ నడుం వాల్చే వేళ అది. అందుకని మార్చి పరీక్షలు కాగానే ఆదివారం మాక్ టెస్టులు సరిగ్గా రెండింటికే రాయించండి. మా అమ్మాయి మొదటి రెండు వారాలూ మూడున్నరకల్లా టేబుల్ మీద తల వాల్చేసింది. మూడో వారం నుంచి అలవాటుపడింది.

10. తప్పుల పుస్తకం. ప్రతి వారం టెస్టులో పోయిన బిట్లు ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో రాసుకోవాలి, పక్కన ఎందుకు పోయిందో ఒక్క ముక్క: ‘గుర్తు మర్చిపోయా’, ‘ప్రశ్న సరిగ్గా చదవలేదు’, ‘చాప్టరే రాదు’. మా వాడి పుస్తకంలో నెల తిరిగేసరికి సగానికి పైగా ‘ప్రశ్న సరిగ్గా చదవలేదు’ అనే ఉంది. వాడికి కావలసింది ఇంకో ట్యూషన్ కాదని అప్పుడు తెలిసింది. చదువు రాని నాయనమ్మ కూడా ఈ పుస్తకంతో సాయం చేయొచ్చు. వారానికోసారి పక్కన కూర్చుని ‘‘ఇది మళ్లీ చెయ్యి నాన్నా’’ అంటే చాలు.

11. మాఘమాసం పెళ్లిళ్లు సరిగ్గా ప్రాక్టికల్స్ మీదే పడతాయి. తల్లో తండ్రో ఒకరు వెళ్లి అక్షింతలు వేసి రండి, పిల్లల్ని తీసుకెళ్లలేదని ఎవరైనా నొచ్చుకుంటే మేలో భోజనానికి పిలవండి. డిసెంబరులో వరి కోతలు, మినుము చల్లుకోవడం ఉన్న ఇళ్లలో ఆ పదిహేను రోజులూ కొడుకుని చేలోకి పిలవకుండా ఉండడం కష్టమే. ఒక్క పూట పంపండి, దానివల్ల ఏమీ పోదు. సంక్రాంతి మాత్రం వదలొద్దు. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ పుస్తకం మూసి పండగ చేసుకున్న పిల్లలే ఆ నెలాఖరు జేఈఈకి నిదానంగా వెళ్లారు.

12. మనది తుపాన్ల తీరం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా చెల్లెలి ఇంట్లో కరెంటు పోయి, ఫోన్లు ఆరిపోయి, ఆన్‌లైన్ నోట్సు ఒక్క పేజీ తెరుచుకోలేదు. ముఖ్యమైన నోట్సు ముందే ప్రింటు తీయించండి. చార్జింగ్ లైటు ఒకటి, కొవ్వొత్తులు, పుస్తకాలకూ సర్టిఫికెట్ల ఫైలుకూ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా. అక్టోబరుకల్లా ఇవి ఇంట్లో ఉండాలి.

13. బైపీసీ పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా. ఎంబీబీఎస్ సీటు రాకపోతే అంతా పోయిందని ఇంట్లో అనకండి. మనం రోజూ తినే బీపీటీ బియ్యం, అదే సాంబ మసూరి, బాపట్లలోనే పుట్టింది. బీపీటీ 5204 పేరుతో 1986లో విడుదల చేశారు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఆ ఊళ్లోనే ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్‌కు నీట్ అక్కర్లేదు, ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్ విభాగం ర్యాంకుతో వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా కౌన్సెలింగ్ పెడుతుంది. రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. దానికి పొలం పాస్‌బుక్కు, పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఆ ఏటి నోటిఫికేషన్ చదివి, మూడో చిట్కాలో చెప్పిన ఫైల్లో అవీ చేర్చండి. నీట్ రాసే పిల్లల్ని ఈఏపీసెట్‌కు కూడా కూర్చోబెట్టండి. సిలబస్ చాలామటుకు ఒకటే, రెండో దారి తెరిచి ఉందన్న ధైర్యం నీట్ హాల్లో కూడా పనికొస్తుంది. మా చెల్లెలి కొడుకును ఒక ఆదివారం ఆ కాలేజీ రోడ్డు వైపు తీసుకెళ్లాం. ‘‘ఇన్నాళ్లూ దీని ముందునుంచే సైకిల్ మీద పోయాను పెద్దమ్మా’’ అన్నాడు. ఇప్పుడు వాడు చదువుతున్నది అగ్రికల్చరే.

14. ఆదివారం ఒక గంట ఇంటి పని. అబ్బాయైనా, అమ్మాయైనా. చదువుకునే పిల్లలకు పనులేంటి అని మా అత్తగారు మొదట్లో ఒప్పుకోలేదు. నేను పట్టుబట్టాను, ఎందుకంటే హాస్టల్‌కు వెళ్లిన మొదటి నెలలో పిల్లలు ఏడ్చేది లెక్కలు రాక కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకో పని నేర్పాను. జూన్‌లో బట్టలు: తెల్లవి విడిగా నానబెట్టడం, కాలర్ రుద్దడం, గుండీ కుట్టుకోవడం. జులైలో ఏటీఎం, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోన్లో డబ్బు పంపేటప్పుడు పేరు చదివి గానీ పిన్ కొట్టకపోవడం, పిన్ ఎవరికీ చెప్పకపోవడం. ఆగస్టులో మందులు: ఏది జ్వరానికి, రోజుకు ఎన్నిసార్లు, పట్టీ మీద గడువు తేదీ ఎక్కడుంటుంది. సెప్టెంబరులో అన్నం. మా వాడు మొదటిసారి గ్లాసు బియ్యానికి గ్లాసు నీళ్లే పోశాడు, పలుకు పలుకుగా మిగిలింది. రెండోసారి నాలుగు గ్లాసులు, గంజి. మూడోసారి వాళ్ల నాయనమ్మే స్టూలు మీద కూర్చుని, బియ్యం మీద వేలు ఆనించి మొదటి కణుపు దాకా నీళ్లు రావాలని చూపించింది. ఆ రోజు వాడు వండిన అన్నం, కందిపొడి, నెయ్యి వేసుకుని ఇంటిల్లిపాదీ తిన్నాం. అక్టోబరులో స్టేషన్ కౌంటర్లో తనే టికెట్ తీసుకుని, ఒక్కడే బాపట్ల వెళ్లి పిన్నిని చూసి సాయంత్రానికి రావడం. నవంబరు, డిసెంబరు నెలల్లో నేర్చుకున్నవే మళ్లీ మళ్లీ. జనవరి నుంచి మే దాకా ఏ పనీ చెప్పలేదు. ఆ గంట వల్ల చదువు తగ్గలేదు. వారంలో కుర్చీలోంచి లేచి చేతులు తడుపుకున్న గంట అదొక్కటే.

15. పరీక్ష కేంద్రం గుంటూరులో పడితే రేపల్లె వాళ్లు ముందురోజే తెనాలిలోనో గుంటూరులోనో చుట్టాలింట్లో దిగండి. జేఈఈ పొద్దుటి పరీక్ష 9 గంటలకైతే గేటు ఎనిమిదిన్నరకే మూస్తారు. ముందురోజు సాయంత్రం కేంద్రం గేటు దాకా వెళ్లి చూసి రండి. ఐపీఈ హాల్ టికెట్ ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’లో కూడా వస్తుంది, అయినా రెండు ప్రింట్లు తీసి వేర్వేరు సంచుల్లో పెట్టండి.

16. వారం టెస్టు మార్కులు భోజనాల దగ్గర అడగొద్దు. తిన్నాక, వాళ్లే చెబుతారు. పక్కింటి పిల్లల ర్యాంకులు ఇంట్లో ఎత్తొద్దు. ఫలితాల రోజు ఫోన్లన్నీ నాన్న తీసుకోవాలి, ‘‘ఎన్నొచ్చాయి?’’ అనే ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పే అవసరం రాకూడదు. సబ్జెక్టు పోతే మేలో సప్లిమెంటరీ ఉంది, ఆ ఏడాదే కాలేజీలో చేరొచ్చు. ఈ సంగతి ఫలితాలకు ముందే, మామూలు రోజున, మామూలు గొంతుతో చెప్పి ఉంచండి. పిల్ల తిండి మానేసినా, రాత్రిళ్లు మేలుకుని కూర్చున్నా, బతికి ఏం లాభం లాంటి మాట ఒక్కటి నోట వచ్చినా అదేదో టెన్షన్‌లే అని వదిలేయకండి. పక్కనే పడుకోండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కాలేజీ వద్దంటున్నదా, హాస్టల్ వద్దంటున్నదా, ముందు విని అప్పుడు మాట్లాడండి. ఏ సీటూ పిల్లకంటే ఎక్కువ కాదు.

17. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాగితం మీద జాబితా రాయండి. కాలేజీ పేరు, బ్రాంచి, ఇంటి నుంచి ఎంత దూరం, హాస్టల్ ఫీజు, ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను చేతి నుంచి ఎంత పడుతుంది. పిల్లలు రాసిన వరస ఒకటి, పెద్దవాళ్లు రాసిన వరస ఒకటి. రెండూ పక్కన పెట్టి ఒక సాయంత్రం మాట్లాడుకోండి. మాకు బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ దగ్గరని మొదట రాశాం, వాడు దూరం ఊళ్లు రాశాడు. చివరికి వాడి వరసలోనే పెట్టాం. నాలుగేళ్లు చదవాల్సింది వాడు.

18. పెట్టె సర్దే రోజు. రెండు దుప్పట్లు, దోమతెర, తాళం, దానికి మూడు చెవులు, ఒకటి ఇంట్లోనే. బకెట్టు, మగ్గు అక్కడే కొనుక్కోవచ్చు. కందిపొడి, ఆవకాయ చిన్న సీసాల్లో, పెద్ద జాడీలో పెడితే మొదటి వారానికే హాస్టల్ అంతా పంచేస్తారు. పంచనివ్వండి, ఇంకో సీసా పంపొచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఇచ్చాక రసీదు ఫొటో తీసి ఇంటి ఫోనుకు పంపమనండి. పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అతికించండి. దాని మీద బ్లడ్ గ్రూపు, పడని మందు పేరు ఉంటే అది, ఇంట్లో ముగ్గురి ఫోన్ నంబర్లు, ఇంటికి వచ్చే రైళ్ల టైములు. మా వాడి పెట్టెలో నాలుగేళ్లు పోయాక కూడా ఆ కాగితం అలాగే ఉంది. తెనాలి రైళ్ల టైములు మాత్రం వాడే రెండుసార్లు కొట్టేసి, కొత్తవి రాసుకున్నాడు.